పాటకి ఊగుతున్నారు, సంజ్ఞ మాత్రం చెయ్యట్లేదు: వినికిడి ఉన్న పసిపిల్లలకి పాటతో సంజ్ఞా భాష

చిట్టిచేతులు
8 నుంచి 11 నెలల పిల్లలు, అందరికీ బాగా వినపడుతుంది. ఒకే పాటలో ఆరు సంజ్ఞలు పెట్టి ఆరు వారాలుగా రోజూ పాడుతున్నాను: పాలు, ఇంకా, అయిపోయింది, దీపం, నిద్ర, బంతి. పాట ఎత్తుకోగానే తల ఊపుతారు, మోకాళ్ల మీద ఎగురుతారు, చప్పట్లు కొడతారు. సంజ్ఞ మాత్రం ఒక్కరూ చెయ్యట్లేదు. పాట లేకుండా సంజ్ఞ చేస్తే అసలు ఇటు చూడరు. పాట సాయం చేస్తోందా, అదే అడ్డొస్తోందా? నిమిషానికి 110 దరువులు, రికార్డు చేసిన సంగీతం మీద పాడుతున్నాను.

తాళంతప్పదు
110 దగ్గరే పోయిందండి. ఆ వేగంలో దరువుకి దరువుకి మధ్య అర సెకను దాటితే ఎక్కువ. మన చెయ్యే సంజ్ఞని సగంలో వదిలేసి తర్వాతదానికి పరిగెడుతుంది. 60 నుంచి 70 మధ్యకి దింపండి. రికార్డు తీసేసి వట్టి గొంతుతో పాడండి. రికార్డు పిల్లల కోసం ఆగదు, మీ గొంతు ఆగుతుంది. పాట ఆగిన చోటే పిల్లలకి చెయ్యి ఎత్తే సందు దొరుకుతుంది.

గడుగ్గాయి
ఒకే పాటలో ఆరా! ఒక పాటకి ఒక సంజ్ఞ చాలు.

చిట్టిచేతులు
ఒక్కటే అయితే విసుగు రాదా వాళ్లకి?

ఉయ్యాలబల్ల
విసుగు మనకొస్తుంది, వాళ్లకి రాదు. దుప్పటి చాటున దాక్కుని బయటికొచ్చే ఆట ఇరవైసార్లు ఆడినా ఇరవై ఒకటోసారీ కిలకిలా నవ్వే వయసు అది. అదే రాగం, అదే మాట, అదే చోట అదే సంజ్ఞ. తర్వాత ఏం రాబోతోందో ముందే తెలియడమే వాళ్లకి సరదా.

రెండుభాషలిల్లు
మీ ఆరింటిలో పిల్లలు మామూలుగా చేసే టాటా, చప్పట్లలో కలిసిపోయేవి ఉన్నాయి. మీరు నేర్పుతున్నది అమెరికన్ సంజ్ఞా భాష అనుకుని చెప్తున్నాను. అందులో ‘పాలు’ అంటే పితికినట్టు పిడికిలి మూసి తెరవడం. ఈ వయసు పిల్లలు టాటా చెప్పేదీ చాలాసార్లు అలాగే ఉంటుంది, వేళ్లు ముడిచి విప్పుతూ. రెండూ ఒకే వారంలో మొదలుపెడితే ఏది పాలో ఏది టాటానో మనకే తేలదు.

‘ఇంకా’ సంగతి అంతకన్నా చిక్కు. రెండు చేతుల్లోనూ నాలుగు వేళ్ల కొసలు బొటనవేలికి ఆనించి, పిట్ట ముక్కులా చేసి, ఆ రెండు ముక్కుల్ని ఒకదానికొకటి తాకించాలి. 9 నెలల చేతికి ఆ ముక్కు ఆకారం రాదు. వాళ్లకి మొదట్లో సులువుగా వచ్చేవి పిడికిలి, చాచిన అరచెయ్యి, చూపుడువేలు. కాబట్టి వాళ్ల ‘ఇంకా’ మూడు రకాలుగా కనిపిస్తుంది: రెండు పిడికిళ్లు గుద్దుకోవడం, ఒక చూపుడువేలితో రెండో అరచేతిని పొడవడం, లేదా రెండు అరచేతులు తాకించడం. ఈ మూడోది చూడ్డానికి అచ్చం చప్పట్లే. మీరు చప్పట్లు అంటున్నవాటిలో కొన్ని ‘ఇంకా’లేమో చూడండి.

చిట్టిచేతులు
ఈ కోణం తట్టలేదు. రెండింటికీ తేడా ఎలా పట్టుకోవాలి?

రెండుభాషలిల్లు
పాట నడుస్తుండగా కొట్టి, పాటతోపాటే కొనసాగిస్తే అవి చప్పట్లు. పాట ఆగాక, ఒకటి రెండుసార్లు తాకించి, మీ మొహంలోకి చూసి ఆగితే అది అడగడం. చేతికన్నా చూపు ముఖ్యం. వాక్యం మధ్యలో పాట ఆపేసి, పెదాలు మూసి, మొహంలో ఎదురుచూపు ఉంచి, మనసులో 8 లెక్కపెట్టండి. 3 దగ్గరే మనం ఓడిపోయి మళ్లీ అందుకుంటాం. అందరూ చేసే తప్పు అదే.

చప్పట్లున్న పాటలో ‘ఇంకా’ పెట్టొద్దు. టాటా చెప్పే పాటలో ‘పాలు’ పెట్టొద్దు.

తాళంతప్పదు
దానికి తాళం లెక్క కూడా చెప్తాను. తకధిమి తకధిమి, ఎనిమిది దరువుల వరుస. మొదటి నాలుగు దరువుల్లో చేతులు ఒళ్లో కదలకుండా ఉండాలి. ఐదో దరువు మీద మాట, మాటతోపాటే సంజ్ఞ. ఆరులోనూ అలాగే పట్టి ఉంచాలి. ఏడు, ఎనిమిదిల్లో చెయ్యి దిగాలి. ఇలా మూడు వరుసలు. నాలుగో వరుసలో ఐదో దరువు దగ్గర గొంతూ చెయ్యీ రెండూ ఆగాలి. ఆ ఖాళీ పిల్లలది.

ప్రతి దరువుకీ చెయ్యి కదిపితే సంజ్ఞ కాస్తా ఆటపాటల అభినయం అయిపోతుంది. పిల్లలు దాన్ని నాట్యంలాగే తీసుకుంటారు, నాట్యంలాగే ఊగుతారు. మీకు జరుగుతున్నది అదే అనిపిస్తోంది.

మాటలమూట
సాహిత్యం గురించి ఎవరూ అనలేదు. నేర్పే మాట పాదం చివర పడాలి. చివరి మాట చెవిలో నిలుస్తుంది, దాని వెనకే ఖాళీ కూడా వస్తుంది. తెలుగులో ఇది ఇట్టే కుదురుతుంది, మాటల్ని అటూ ఇటూ జరిపినా అర్థం చెడదు కాబట్టి. ‘దీపం ఎక్కడుంది’ అని పాడకండి, ‘ఎక్కడుంది దీపం’ అని పాడండి. ‘ఇంకా ఊగుదామా’ కాదు, ‘ఊగుదామా ఇంకా’.

రెండోది, మాటకి విభక్తి తగిలించకండి. ఒక పాదంలో పాలు, ఇంకో పాదంలో పాలకి, మరో దాంట్లో పాలతో అని వస్తే సంజ్ఞ ఒకటే ఉంటుంది, చెవికి మాత్రం మూడు మాటలు. నాలుగు పాదాల్లోనూ ‘పాలు’ అనే ఉండేలా అల్లండి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివర సాగదీయడానికి వీలు: పాలూఊ, ఇంకాఆ. ఆ సాగతీతలో సంజ్ఞ పట్టి ఉంచితే చెవికీ కంటికీ ఒకేసారి అందుతుంది.

నమూనాకి ఒకటి:
కిందికొచ్చాం, పైకెళ్లాం, ఇంకా
ముందుకొచ్చాం, వెనక్కెళ్లాం, ఇంకా
ఆగిపోయెను ఉయ్యాల, ఇంకా
ఊపమంటావా మరీ... (ఖాళీ)

ఉయ్యాలబల్ల
పై పాట ఒళ్లో ఊపుతూ పాడేదే కదా. మూడో పాదం దగ్గర నిజంగానే ఊపు ఆపెయ్యండి. ‘ఇంకా’ అంటే ఏమిటో ఒంటికి తెలిసేది అక్కడే. సంజ్ఞ చెయ్యగానే ఊపు రావాలి, ఒక్క సెకనులోపు. ఆలస్యమైతే చేతికీ ఊపుకీ ఉన్న లంకె తెగిపోతుంది.

గడుగ్గాయి
గిలక్కాయలు, చిన్న డోలు ఇవ్వొచ్చా? సంగీతం అన్నాక వాయిద్యం ఉండాలిగా.

తాళంతప్పదు
సంజ్ఞ పాటప్పుడు వద్దు. చేతిలో గిలక్కాయ ఉంటే ఆ చేత్తో సంజ్ఞ ఎలా చేస్తారు? వాయిద్యాల పాట వేరే పెట్టుకోండి. అది అయ్యాక ‘అయిపోయింది’ పాట పాడుతూ బుట్టలో వేయించండి. చేతులు ఖాళీ అవుతాయి, ఒక సంజ్ఞకి సందర్భమూ దొరుకుతుంది.

చిట్టిచేతులు
నేను పాపని ఒళ్లో అటు తిప్పి కూచోబెట్టుకుంటున్నాను, మిగతా పిల్లలు కనపడాలని. అది తప్పా?

రెండుభాషలిల్లు
తప్పు కాదు, కానీ అలా కూచున్నప్పుడు మీ సంజ్ఞ పాప వెనకాల జరిగితే తను చూసేదేం లేదు. మీ చేతులు పాప ముందుకి చాచి, తన ఛాతీ ఎదుట చెయ్యండి. దాంట్లో లాభం కూడా ఉంది. ఎదురుగా కూచుని చేస్తే పిల్లలు తమకి కనపడిన వైపునే దించేస్తారు. మీ అరచెయ్యి వాళ్ల వైపు ఉంటే, వాళ్లు తమ అరచెయ్యిని తమ వైపే తిప్పుకుంటారు. టాటా చెప్పేటప్పుడు అరచెయ్యి తమకేసి ఊపుకునేది అందుకే. వెనకనుంచి చేస్తే చేతి దిశ సరిగ్గా అందుతుంది. నష్టం ఏంటంటే మీ మొహం కనపడదు. సంజ్ఞలో మొహం సగం పని చేస్తుంది కాబట్టి ఎక్కువసార్లు ఎదురుగానే, అప్పుడప్పుడు వెనకనుంచి.

ఎదురుగా అయితే మీ చెయ్యి చాచితే వాళ్ల ఒళ్లు తగిలేంత దగ్గరలో కూచోండి. కిటికీ మీ వెనకాల ఉండకూడదు, చేతులు నల్లటి నీడల్లా కనపడతాయి. పువ్వులూ గళ్లూ ఉన్న బట్టలు కాకుండా, చేతి రంగుకి ఎదురు తేలే ఒకే రంగు బట్ట వేసుకోండి. సంజ్ఞా భాష దుబాసీలు ఒకే రంగు దుస్తులు వేసుకునేది ఇందుకే.

ఉయ్యాలబల్ల
బిడ్డ బంతిని చూస్తుంటే, తల తిప్పించడానికి చిటికెలేస్తూ పిలవకండి. మీ చేతినే బంతి పక్కకి తీసుకెళ్లి అక్కడ సంజ్ఞ చెయ్యండి, లేదా బిడ్డ ఒంటి మీదే చెయ్యండి. చెవిటి తల్లులు తమ పిల్లలతో సరిగ్గా ఇలాగే చేస్తారు: చూపు ఎక్కడుందో అక్కడికి సంజ్ఞని మోసుకెళ్తారు, పెద్దగా, నిదానంగా, పదేపదే చేస్తారు.

చెయ్యిపట్టు
ఇంత తతంగం ఎందుకు? పాట ఆ చోటికి రాగానే పాప రెండు చేతులూ పట్టుకుని సంజ్ఞ చేయిస్తే వారంలో వచ్చేస్తుంది.

ఉయ్యాలబల్ల
ఒప్పుకోను. రెండోసారికే చేతులు వెనక్కి లాక్కుంటారు. తర్వాత ఆ పాట మొదలైతేనే మొహం తిప్పేస్తారు. పైగా చేతులు పట్టుకుంటే నేర్చుకునేది చేతులు ఇవ్వడమే, అడగడం కాదు.

రెండుభాషలిల్లు
ఇద్దరి మాటలోనూ నిజముంది. చెవిటి తల్లులు కూడా అప్పుడప్పుడు పిల్లల చేతిని సర్దుతారు, అదేం నేరం కాదు. కాకపోతే పట్టుకునే తీరు ఉంది. మణికట్టు పట్టి లాగకండి. మోచేయి కింద మీ అరచెయ్యి ఆనించి కాస్త పైకి లేపండి, మిగతాది బిడ్డని చెయ్యనివ్వండి. లాక్కుంటే వెంటనే వదిలేసి పాట కొనసాగించాలి. బిడ్డే చెయ్యి ఎత్తబోతున్నప్పుడు మాత్రమే, పూటకి ఒకసారి.

చెయ్యిపట్టు
మోచేయి కింద ఆనించడం బావుంది. మణికట్టు దగ్గరే లాగుతుంటారు అందరూ, సరే.

రెండుభాషలిల్లు
ఇంకోటి, బిడ్డ చేసింది తప్పు ఆకారంలో ఉన్నా సరిదిద్దకండి. ‘అయిపోయింది’కి మనం రెండు అరచేతులు ముంజేతి దగ్గర గిర్రున తిప్పుతాం. వాళ్లు భుజం నుంచి రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తారు. వేళ్ల దగ్గరి కదలికని పెద్ద కీలుకి మార్చుకోవడం ఈ వయసులో మామూలే. అయినా ఒంటి మీద ఏ చోట చెయ్యాలో ఆ చోటు మాత్రం చాలావరకు సరిగ్గా పడుతుంది. కాబట్టి గుర్తుపట్టడానికి ముందు చోటు చూడండి, తర్వాత కదలిక, వేళ్ల ఆకారం ఆఖరున. మీరు జవాబిచ్చేటప్పుడు మాత్రం పూర్తి ఆకారంతోనే చెయ్యండి. వాళ్ల రెక్కల రూపాన్ని మీరు అనుకరించొద్దు.

గడుగ్గాయి
రెక్కలు చూడ్డానికి బావుంటాయి కదా మరి, మనసాగదు :)

కాగితాలపురుగు
పాట సాయం చేస్తుందా అన్న మొదటి ప్రశ్నకి వస్తాను. పిల్లలు ఎందుకు ఊగుతున్నారో తెలిసిందే. జెంట్నర్, ఏరోలా 2010లో 5 నుంచి 24 నెలల పిల్లల మీద చేసిన పనిలో, మాటకన్నా సంగీతానికీ లయకీ ఎక్కువ ఊగారు. కానీ తాళానికి కచ్చితంగా కలపలేదు, వేగం పెరిగితే ఊపు పెరిగిందంతే. కాబట్టి 110 పెట్టి ఊపు పెంచి, మళ్లీ చేతులు కుదురుగా ఉండాలంటే కుదరదు. సంగీతం వాళ్లని ఎక్కువసేపు కూచోబెడుతుందన్నది మాత్రం గట్టి సంగతే. పాట విన్న పిల్లలు మాట విన్న పిల్లలకన్నా దాదాపు రెట్టింపు సేపు ఏడవకుండా ఉన్నారని మాంట్రియల్‌లో కోర్బేయ్, ట్రెహబ్, పెరెట్జ్ చూపించారు.

తాళంతప్పదుగారి 60కి ఇంకో చిన్న ఆధారం. 2001లో నేచర్ పత్రికలో పెటిటో బృందం, చెవిటి తల్లిదండ్రుల దగ్గర పెరిగే, వినికిడి ఉన్న పిల్లల చేతి కదలికలు కొలిచింది. వాళ్ల చేతుల్లో సెకనుకి సుమారు ఒకసారి వచ్చే నెమ్మది లయ ఒకటి విడిగా కనపడింది. మామూలు చేతులాట సెకనుకి సుమారు 2.5. సెకనుకి ఒకటి అంటే నిమిషానికి 60.

తాళంతప్పదు
నాది చేతి అనుభవం లెక్క, ఇది తెలియదు. బావుంది.

కాగితాలపురుగు
మరీ ఆనుకోకండి, ఆ పరిశోధనలో మొత్తం పిల్లలు ఆరుగురే. వాళ్లలోనూ ఆ నెమ్మది లయ కనపడింది ముగ్గురిలోనే. పైగా ఆ ముగ్గురూ పొద్దున్నుంచి రాత్రిదాకా సంజ్ఞా భాష చూస్తూ పెరిగినవాళ్లు, రోజుకి నాలుగు పాటల్లో నాలుగు సంజ్ఞలు చూసినవాళ్లు కాదు.

గడుగ్గాయి
ఇలా నేర్పితే మాటలు తొందరగా వస్తాయి, తెలివి పెరుగుతుంది అంటారు, నిజమేనా?

కాగితాలపురుగు
ఆ హామీ ఎవరికీ ఇవ్వకండి. అక్రెడొలో, గుడ్విన్, బ్రౌన్ 2000లో 103 మంది పిల్లలతో చేసిన పనిలో సైగలు నేర్చినవాళ్లు మాటల్లో కొంత ముందున్నారు. ఆ మాట అక్కణ్ణుంచే పాకింది. అందులో వాడినవి ఇంట్లో కల్పించుకున్న సైగలు, సంజ్ఞా భాష కాదు. 2013లో ఎలిజబెత్ కిర్క్ బృందం 40 మంది పిల్లల్ని యాదృచ్ఛికంగా విడదీసి 8 నుంచి 20 నెలలదాకా గమనించింది. మాటల్లో లాభమేమీ తేలలేదు, నష్టమూ తేలలేదు. తేలింది వేరే: సైగలు నేర్పిన తల్లులు బిడ్డ మాటల్లేకుండా చెప్పే సూచనల్ని ఎక్కువగా పట్టించుకున్నారు.

నా మట్టుకు నేర్పడానికి ఆ ఒక్క కారణం చాలు. 8 లెక్కపెట్టి ఆగే అలవాటు పెద్దవాళ్లకి వస్తుంది.

చెవిపరీక్ష
పిల్లల వినికిడి పరీక్షలు చేసే పని నాది. ఇక్కడ ఒక హెచ్చరిక ఉండి తీరాలి. సంజ్ఞలు వస్తున్నాయి కదా అని గొంతు సంగతి మర్చిపోకండి. 10 నెలలకల్లా బబబ, దదద లాంటి గుణింతాల పలుకు రావాలి. రాకపోయినా, వెనకనుంచి పిలిస్తే తిరగకపోయినా, పుట్టినప్పటి పరీక్షలో అంతా బావుందని చెప్పి ఉన్నా, మళ్లీ చేయించండి. పుట్టాక వచ్చే వినికిడి లోపాలున్నాయి. పాటకి ఊగుతున్నారు కాబట్టి వినపడుతోందని అనుకోవద్దు. ఒళ్లో ఊపుతూ పాడితే ఆ కదలికకే ఊగొచ్చు, మీ మొహం చూసి నవ్వొచ్చు.

సంజ్ఞ చేసేటప్పుడు నోటితో కూడా పాడండి, పెదాలకి చేతులు అడ్డం రానివ్వకండి.

చిట్టిచేతులు
మా పిల్లలందరూ పలుకుతున్నారు, అయినా ఇద్దరి ఇంట్లోవాళ్లకి ఈ మాట చెప్తాను. ఇంకో సందేహం, మన సొంత సైగలు కల్పించుకుంటే పోదా? ముక్కులూ ముంజేతులూ లేకుండా సులువైనవి.

రెండుభాషలిల్లు
ఇంటి అవసరానికి పనిచేస్తాయి, కాదనను. కానీ సంజ్ఞా భాష నేర్పుతున్నామని చెప్పి కల్పించినవి నేర్పకండి. అది చెవిటివాళ్ల భాష, దానికి తన వ్యాకరణం ఉంది. లోకమంతటికీ ఒకటే సంజ్ఞా భాష లేదు. అమెరికన్, బ్రిటిష్, ఇండియన్ సంజ్ఞా భాషలు వేరు వేరు. వేలి అక్షరాలు చూసినా అమెరికన్‌లో ఒక చెయ్యి, బ్రిటిష్‌లో రెండు చేతులు. మీ పిల్లలకి రేపు ఎదురయ్యే చెవిటివాళ్లు ఏ భాష వాడతారో ఆ నిఘంటువులోంచే తీసుకోండి. చెవిటి గురువు దొరికితే వీడియోలకన్నా వంద రెట్లు మేలు. ఒకే పాటలో రెండు భాషల సంజ్ఞలు కలపొద్దు. పై పోస్టుల్లో నేను చెప్పిన ఆకారాలు అమెరికన్‌వి, మీ భాషలో ‘ఇంకా’ వేరేలా ఉండొచ్చు.

ఇంకా ఒకటి, పాటలో ప్రతి మాటకీ సంజ్ఞ పెడితే అది సంజ్ఞా భాష అయిపోదు. తెలుగు వాక్య క్రమంలో సంజ్ఞలు పేర్చినట్టవుతుందంతే. అసలు మాట ఒక్కదానికే పెట్టండి.

మాటలమూట
వీడియోల మాటొచ్చింది కాబట్టి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సూచనల్లో ఏడాది లోపు పిల్లలకి తెర అసలు వద్దంది. వీడియో చూసి పెద్దవాళ్లు నేర్చుకోవాలి, పిల్లలు పెద్దవాళ్లని చూసి నేర్చుకోవాలి.

చిట్టిచేతులు
నాలుగు రోజులు చూసి రాస్తున్నాను. వేగం 64, రికార్డు లేదు, ‘ఇంకా’ ఒక్కటే, ఊపు ఆపి 8 లెక్క. ముగ్గురు ఆగాక నా మొహం చూస్తున్నారు. అందులో ఒక పాప చూపుడువేలితో అరచెయ్యి పొడుస్తోంది, ఊపు రాగానే ఆపేస్తోంది. మళ్లీ ఊపు ఆపితే మళ్లీ పొడుస్తోంది!

రెండుభాషలిల్లు
అదే ‘ఇంకా’. అది అడగడమే, సందేహం లేదు. తేదీ రాసి పెట్టుకోండి.

ఉయ్యాలబల్ల
ఎంత బావుందో. మిగతావాళ్లని తొందరపెట్టకండి, నాలుగు రోజులు ఏమంత కాదు.

తాళంతప్పదు
ఇప్పుడు ఆ పాపని పాటలోంచి బయటికి తేవాలి. లేకపోతే ‘ఇంకా’ అంటే ఉయ్యాల ఊపు అనే ఉండిపోతుంది. ముందు అదే రాగం, ఉయ్యాల బదులు బంతి దొర్లించడం. నాలుగైదు రోజులయ్యాక మాటలు తీసేసి రాగం కూనిరాగంగా మాత్రమే. ఆ తర్వాత రాగమూ తీసేసి, బుడగలు ఊదుతూనో బొమ్మ దాస్తూనో మామూలు గొంతుతో ‘ఇంకా?’ అని సంజ్ఞ. ఎక్కడ తడబడితే ఒక మెట్టు వెనక్కి రండి.

చిట్టిచేతులు
రెండో సంజ్ఞ ఎప్పుడు, ఏది?

రెండుభాషలిల్లు
రెండు వేరే సందర్భాల్లో తనంతట తాను ‘ఇంకా’ అడిగాక. తర్వాతది ‘దీపం’ పెట్టండి. అమెరికన్‌లో చెయ్యి తల పక్కకి ఎత్తి, మూసిన వేళ్లు కిందికి విప్పడం. చోటు వేరు, ఒక్క చెయ్యే, ‘ఇంకా’తో కలిసిపోదు. స్విచ్చు వేసి ఆపే ఆట చేతిలోనే ఉంది, జవాబు వెంటనే వస్తుంది. ‘నిద్ర’ ఇప్పుడే వద్దు, ఆటల మధ్యలో దాన్ని చూపించడానికి నిజమైన సందర్భం ఉండదు.

మాటలమూట
దీపానికి పాదాలు అల్లేటప్పుడు గుర్తుంచుకోండి, ‘దీపం’ చివర సున్నా ఉంది, పాలూఊ లాగా సాగదు. ముందు అచ్చుని సాగదీయండి: దీఈఈపం. చెయ్యి ఎత్తడం ‘దీ’ దగ్గర మొదలై, వేళ్లు విప్పడం ‘పం’ మీద పడాలి.